మోడెమ్ వెనక పదిహేడుమంది

బ్రేకర్‌విల్, పెన్సిల్వేనియా
సెప్టెంబరు రెండో వారం

అక్కా,

నీ ప్రార్థనలతో నాకు పని పడింది. నవ్వకు. యాభై ఏళ్ళకి పైగా మఠంలో ఉన్నావు, దేవుడి దగ్గర ఆమాత్రం పలుకుబడి సంపాదించే ఉంటావు. దాన్ని సొంత తమ్ముడి కోసం ఒక్కసారి వాడితే కొంపేం మునిగిపోదు.

సంగతేమిటంటే, మన ఊరి కేబుల్ కంపెనీ ముసలి వార్గోగారి మనవరాలు టెస్సా చేతికొచ్చింది కదా. ఆ పిల్ల నిన్న నన్ను ఆఫీసుకి పిలిచి కాఫీ ఇచ్చింది. కాఫీ చూడగానే నాకు అనుమానం వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా శనివారం శనివారం నాలుగింటికి ఆ ఆఫీసు వెనకగదిలో అకార్డియన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను. ఒక్కనాడు కూడా ఎవరూ మంచినీళ్ళు ఇచ్చిన పాపాన పోలేదు.

"ఫ్లోరీ బాబాయ్, ఏడో ఛానెల్లో నీ పోల్కా పాటల గంట ఎంతమంది చూస్తున్నారో తెలుసా?" అంది.

"ఊరంతా చూస్తుంది," అన్నాను.

"ఇన్నాళ్ళూ మేమూ అలాగే అనుకున్నాం. ఇప్పుడు అనుకోనక్కర్లేదు, లెక్కే తెలిసిపోతుంది."

కొత్త ఏర్పాటేదో చేశారట. ఇదివరకు ఛానెళ్ళన్నీ, కుళాయి కట్టెయ్యడం మరిచిపోయినట్టు, ఎవరు చూసినా చూడకపోయినా ప్రతి వీధిలోనూ పారుతూ ఉండేవి. ఇప్పుడలా కాదు. ఇంట్లో గోడవార మినుకుమినుకుమంటూ మోడెమ్ ఉంటుంది చూశావూ, దాని వెనక ఏ టీవీయో ట్యాబో "నాకు ఏడో ఛానెల్ కావాలి" అని అడిగితేనే అది ఆ వీధిలోకి వెళుతుంది. ఎవరు అడిగారో, ఏ మోడెమ్ వెనక ఎన్ని తెరలు వెలుగుతున్నాయో అన్నీ టెస్సాకి కూర్చున్నచోటే కనిపిస్తాయి. ఇది మీ దేవుడు చూసుకునే పని కదా, ఈ పిల్లకి ఎవరప్పగించారు?

దుప్పట్లూ ఉంగరాలూ అమ్మే కార్యక్రమం వాళ్ళెవరో నా గంట తమకిమ్మని అడుగుతున్నారట. కనీసం యాభై ఇళ్ళవాళ్ళు నన్ను చూస్తున్నట్టు తేలకపోతే క్రిస్మస్‌తో నా పని సరి.

నాకేం భయం లేదు. యాభై ఏమిటి, అయిదు వందలుంటాయి. కానీ అక్కా, మా ఆవిడ ఐరీన్ పోయాక వారం మొత్తంలో నేను నోరారా మాట్లాడేది ఆ ఒక్క గంటే. మిగతా రోజులు నేను మాట్లాడేది పిల్లితోనే, అది కూడా నా మాట వినదు. అందుకని ఎందుకైనా మంచిది, నాలుగు జపమాలలు తిప్పు.

నీ తమ్ముడు
ఫ్లోరీ


సెయింట్ లుడ్మిల మఠం, ఎల్మ్ రిడ్జ్
సెప్టెంబరు ఆఖరు

ఒరే ఫ్లోరీ,

ఉంగరాలు అమ్ముకునేవాళ్ళని ఓడించమని నేను దేవుణ్ణి అడగను. ఆయనకి వేరే పనులున్నాయి. నీకు వినయం ప్రసాదించమని మాత్రం అడిగాను. అది ఉంగరాల వ్యవహారం కంటే కష్టమైన పని, కాస్త సమయం పట్టొచ్చు.

నా సంగతులు మామూలే. పై అంతస్తులో మంచాన పడ్డ ముసలి సిస్టర్లకి నేనే కాళ్ళూ చేతులూ. నాకే డెబ్భై ఆరొచ్చాయి, అయినా వాళ్ళ మధ్య పడుచుపిల్లని. కిందటేడు మదర్ కసిల్డా మఠానికి పెద్దగా వచ్చినప్పటినుంచి కట్టుదిట్టాలు ఎక్కువయ్యాయి. హాల్లో ఉన్న టీవీ పొద్దున పూజకీ సాయంత్రం జపమాలకీ తప్ప వెయ్యకూడదు. బిల్లులు కట్టడానికని మీ కంపెనీ తీగే కొండ దాటించి, పై అంతస్తు చివరనున్న మదర్ గదిలో ఒక మోడెమ్ పెట్టించారు. ఆ గదిలోకి పిలవకుండా ఎవరూ వెళ్ళరు. కాబట్టి నీ పోల్కాల మీద నా అభిప్రాయం అడగొద్దు.

ఒక్కమాట మాత్రం చెబుతాను. నీ ఎర్ర వేస్టుకోటు రెండో గుండీ దారానికి వేలాడుతోంది, కుట్టుకో. అమ్మకిష్టమైన ఆ వాల్ట్జ్ మరీ పరిగెత్తించకు. ఎవరైనా పెద్దవాళ్ళు దానికి కాలు కదపాలనుకుంటే కదపగలగాలి కదా.

అక్క
బెనిల్డా


బ్రేకర్‌విల్
అక్టోబరు మొదటి వారం

అక్కా అక్కా అక్కా,

నాలుగు వందల పన్నెండు ఇళ్ళు!

మళ్ళీ చదువుకో. శనివారం నాలుగింటికి నాలుగు వందల పన్నెండు మోడెమ్‌ల వెనక నుంచి నన్నే అడిగారట. టెస్సా తన కళ్ళని తనే నమ్మలేదు. "బాబాయ్, ఫుట్‌బాల్‌కి కూడా ఇంతమంది లేరు," అంది. నేను నమ్మాను. నాకు మొదటినుంచీ తెలుసు.

ఇంకా విను. నా బొమ్మతో కేలండర్లు వేయిస్తున్నాను, రెండు వందలు. చర్చి నేలమాళిగలో కూర కుక్కిన పిరోగీలు అమ్ముతున్నారుగా, నిన్న అక్కడ వరసలో నిలబడి ఉంటే ఒకావిడ కాగితం ముక్కా కలమూ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. పాపం అడగడానికి మొహమాటపడుతోందని నేనే అందుకుని "ప్రేమతో, ఫ్లోరీ డుర్కోట్" అని సంతకం చేసిచ్చాను. ఆవిడ దాన్ని చూసి "బంగాళదుంపవి ఎన్ని డజన్లో, క్యాబేజీవి ఎన్నో రాయవయ్యా" అంది. ఫరవాలేదు, వెనకవైపు రాసిచ్చాను.

వచ్చే ఏడాది నుంచి రెండు గంటలు ఇమ్మని అడగబోతున్నాను.

ఇంతకీ గుండీ సంగతి నీకెవరు చెప్పారు? పక్క వాటాలో ఉండే స్టెల్లా వాస్కో ఫోన్ చేసిందా? మా రెండు వాటాలకీ మధ్య ఉన్నది ఒక్క గోడే, ఆవిడ చెవులకి అది కూడా అడ్డం కాదు. కానీ ఆవిడకి నా గుండీలతో పనేమిటి?

నాలుగు వందల పన్నెండు ఇళ్ళ
ఫ్లోరీ


ఎల్మ్ రిడ్జ్
అక్టోబరు మూడో వారం

ఒరే ఫ్లోరీ,

పెళ్ళాం లేనివాడికి గుండీలు ఊడటం లోకసహజం. దానికి ఎవరూ ఫోన్ చెయ్యక్కర్లేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సంతోషించాను, ఆ మాట ముందు చెబుతున్నాను, తరవాత చెప్పేది విని నా మీద ఎగిరిపడకూడదు. ఒక్క సందేహం పట్టుకుని వదలడం లేదు. శనివారం నాలుగింటికి మన చర్చిలో ఏం జరుగుతుందిరా?

నీకు తెలియదు. ఆ వేళకి నువ్వెప్పుడూ అకార్డియన్ దగ్గరే ఉంటావు, పూజకి ఆదివారం పొద్దున వెళతావు. శనివారం నాలుగింటి పూజ చూస్తే ఆదివారానికి సరిపోతుంది కదా, మర్నాడు హాయిగా పడుకోవచ్చు. ఊరు ఊరంతా ఆ పూజకే వెళుతుందని మా అందరికీ తెలుసు. నాలుగు వందల ఇళ్ళవాళ్ళు నీ ముందు కూర్చుంటే అక్కడ ఫాదర్ టిమ్కో పూజ ఎవరికోసం చేస్తున్నట్టు?

మన అమ్మ చర్చికి వెళ్ళేటప్పుడు ఏం చేసేదో గుర్తుందా? ఇంట్లో మనుషులున్నారని దొంగలు అనుకోవాలని రేడియో పెద్దగా పెట్టి తాళం వేసేది.

ఇంకేం అనను. ఆ కేలండర్లు మాత్రం రెండు వందలు వద్దు, యాభై చాలు.

అక్క


బ్రేకర్‌విల్
రెండు రోజుల తరవాత

సిస్టర్ బెనిల్డా గారికి,

నమస్కారాలు. తమ్ముడికి నాలుగు ఇళ్ళవాళ్ళు చెవి ఒగ్గితే ఓర్చుకోలేనివాళ్ళు మఠాల్లో కూడా ఉంటారని ఇవాళే తెలిసింది. తాళం వేసిన ఇళ్ళకి పాడుతున్నానంటావు, అంతేనా? నువ్వు నా కార్యక్రమం ఒక్కసారైనా చూశావా? నీకు టీవీ చూసే వీలే లేదు. చూడనిదాని మీద తీర్పులెందుకు?

కేలండర్లు మూడు వందలు వేయించాను.

ఇట్లు
ఫ్లోరియన్ డుర్కోట్


బ్రేకర్‌విల్
నవంబరు రెండో వారం

అక్కా,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. ఆగితే సిగ్గుతో అసలు రాయలేను.

బిషప్‌గారు మన చర్చినీ కింద ఊరి చర్చినీ కలిపేశారు. ఇద్దరు ఫాదర్లు చేసే పని ఇప్పుడు టిమ్కో ఒక్కడే చెయ్యాలి. అందుకని ఈ నెల నుంచి మన ఊళ్ళో శనివారం పూజ అయిదున్నరకి మార్చారు. అంటే మొదటిసారి నాలుగింటికి జనం ఇళ్ళల్లో ఉన్నారు.

తొమ్మిది ఇళ్ళు, అక్కా. నాలుగు వందల పన్నెండు పోయి తొమ్మిది మిగిలాయి. జనం ఇంట్లో ఉండగానే ఫుట్‌బాల్‌కి తిప్పేశారు.

తిన్నగా స్టెల్లా ఇంటికి వెళ్ళి అడిగాను. ఆవిడకి మొహమాటం ఎప్పుడూ లేదు.

"అవును, నిన్నే పెట్టి వెళ్ళేదాన్ని. దేనికంటావు? ఆ గొంతేమిటి, ఆ కాళ్ళు తాటించడమేమిటి, మధ్యలో నీలో నువ్వే జోకులేసుకుని ఆగడమేమిటి! దొంగెవడైనా గుమ్మంలోకొస్తే లోపల ముగ్గురు మగాళ్ళు తాగి ఉన్నారనుకుని పారిపోతాడు. వార్తలు పెడితే అంత ధీమా ఉండదు."

"మరి వీధిలో మిగతావాళ్ళు?"

"నేనే చెప్పాను అందరికీ. మా కుక్క కూడా నీ గొంతుకి అలవాటుపడింది. నువ్వు పాడుతుంటే పడుకుంటుంది పాపం."

ఇరవై రెండేళ్ళు, అక్కా. ఆదివారం ఎనిమిదింటి పూజలో నాతో కలిపి డజను మంది కూడా లేకపోతే ఊళ్ళో భక్తి తగ్గిపోయిందని బాధపడేవాణ్ణి. అందరూ ముందురోజే, నన్ను ఇంటికి కాపలా పెట్టి, దేవుణ్ణి చూసొచ్చారన్నమాట.

ఉంగరాలవాళ్ళు గంట తీసుకుంటారు, తీసుకోనీ. దానికి నాకు ఇప్పుడు అంత బాధ లేదు. నా బాధ వేరు. ఐరీన్ ఆఖరి రోజుల్లో కూడా శనివారం వస్తే "వెళ్ళు, జనం ఎదురుచూస్తుంటారు" అని తనే నన్ను బయటికి పంపేది. ఎవరూ ఎదురుచూడలేదని తెలిసి ఉంటే ఆ గంటలన్నీ దాని పక్కన కూర్చునేవాణ్ణి కదా. నన్ను ఎవరైనా ఒక్కరు విన్నారో లేదో నాకు తెలియాలి. ఒక్కరు చాలు.

నీ మీద కోపంతో రాసిన ఉత్తరం చింపెయ్యి. కేలండర్లు కావాలంటే పంపిస్తాను, మూడు వందలున్నాయి.

ఫ్లోరీ


ఎల్మ్ రిడ్జ్
నవంబరు మూడో వారం

ఫ్లోరీ, నా తండ్రీ,

చింపలేదు. ఆ "సిస్టర్ బెనిల్డా గారికి" అన్నది బాగుంది, దాచుకున్నాను.

నీ ఉత్తరం చదివి వంటింటి వెనక కూర్చుని ఏడ్చాను. ఐరీన్ నిన్ను పంపింది నువ్వు గదిలో ముఖం వేలాడేసుకుని కూర్చుంటే చూడలేక. నువ్వు ఇంటికొచ్చి ఆ జోకులన్నీ మళ్ళీ చెబితే నవ్వేది. ఆ గంటలు వృథా కాలేదు. ఈ మాట మీ అక్కగా కాదు, దాని స్నేహితురాలిగా చెబుతున్నాను.

ఒక్కరైనా విన్నారా అని అడిగావు. తొమ్మిది ఇళ్ళు మిగిలాయని నువ్వే రాశావు కదా. పూజ వేళ మారినా, ఫుట్‌బాల్ ఉన్నా వాళ్ళు కదల్లేదు. నాలుగు వందలమంది పోయారని ఏడుస్తూ కూర్చోకుండా, ఉన్నవాళ్ళ కోసం క్రిస్మస్ దాకా బాగా వాయించు. ఎప్పటిలాగే వాయించు, ఏమీ మార్చకు. ఇంతకంటే నేను చెప్పలేను. చెప్పలేనంటే చెప్పలేను, అడక్కు.

అక్క


బ్రేకర్‌విల్
డిసెంబరు రెండో వారం

అక్కా,

నీ మాట నన్ను నిలబెట్టింది. ఉన్నవాళ్ళ కోసం అన్నావు కదా, ఆ ఉన్నవాళ్ళెవరో కనుక్కుందామని టెస్సా దగ్గరికి వెళ్ళాను. పేర్లు చచ్చినా చెప్పనంది. చెబితే ఉద్యోగధర్మం కాదట. సొంత కంపెనీలో ఉద్యోగధర్మమేమిటో! చివరికి నా ముఖం చూసి కాస్త జాలిపడింది.

"ఎనిమిది ఇళ్ళు ఊళ్ళోవే బాబాయ్. తొమ్మిదోది మాత్రం వింత. కొండకవతల, మా తీగ చివర. అక్కడ ఒకటే మోడెమ్, దాని వెనక పదిహేడు తెరలు. పదిహేడూ నాలుగింటికి అయిదు నిమిషాల ముందే వెలుగుతాయి. మధ్యలో శవాలపెట్టెల షాపు ప్రకటన వచ్చినా ఒక్కటి కూడా వేరే ఛానెల్‌కి తిరగదు."

"పదిహేడు తెరలుంటే పదిహేడు లెక్కెయ్యవేం?"

"ఎన్ని తెరలున్నా మాకు ఒక మోడెమ్ అంటే ఒక ఇల్లే. అలా లెక్కేసినా యాభై కాదుగా. ఉంగరాలవాళ్ళతో సంతకాలైపోయాయి, నేనేం చెయ్యలేను."

చెయ్యకపోతే పోనీ. అక్కా, నీకర్థమైందా? ఒక్క మోడెమ్ వెనక పదిహేడు తెరలున్న ఇల్లెక్కడైనా ఉంటుందా? అది బారు! గోడలనిండా టీవీలు, శనివారం సాయంత్రం, ఒక్కడూ ఛానెల్ మార్చడు. మార్చబోయినవాడి చెయ్యి విరిచేస్తారేమో. మీ కొండవైపు నా పేరు చెప్పుకుని తాగే పదిహేడుమంది మహానుభావులున్నారన్నమాట. ఇంత దగ్గర్లో ఉండి నీకే తెలియలేదు.

వాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వకపోతే నాకు నిద్రపట్టదు. రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి బోయ్‌లో కాచాను. నారింజలు, తేనె, లవంగాలు, విస్కీ మాత్రం నాన్న పోసినంత. స్టెల్లా గోడ అవతలి నుంచే వాసన చూసి తనకో సీసా కావాలంది. ఇవ్వలేదు. సరిగ్గా పదిహేడు సీసాలు నింపి, చీటీ రాసి కవరులో పెట్టి అంటించి టెస్సాకిచ్చాను. చిరునామా నాకు చెప్పదు గానీ, తన వ్యాన్‌లో పంపుతానంది. ఆ పిల్ల చీటీ చదవకుండానే నవ్వింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

చీటీలో ఏం రాశానో నీకు చెప్పను. నువ్వు సన్యాసినివి.

ఫ్లోరీ


ఎల్మ్ రిడ్జ్
క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు

ఓరి దుర్మార్గుడా,

ఏం రాశావో నువ్వు చెప్పక్కర్లేదు. నిన్న మధ్యాహ్నం భోజనాల హాల్లో, పై అంతస్తువాళ్ళని కూడా చక్రాల కుర్చీల్లో దింపి అందరినీ కూర్చోబెట్టాక, మదర్ కసిల్డా పైకి చదివి వినిపించారు. మఠానికి వచ్చే పార్సెళ్ళన్నీ ఆవిడే విప్పుతారు. క్రిస్మస్ కదా, ఎవరో దాత పంపిన దీవెనలనుకుని కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టారు.

"శనివారం నాలుగింటికి నాతో కూర్చునే పదిహేడుమంది తాగుబోతు వెధవలకి," అని చదివి ఆగారు. ఆపేస్తారనుకున్నాను. మొదలుపెట్టింది మధ్యలో వదిలే మనిషి కాదు. "మీ పెళ్ళాలు మిమ్మల్ని ఇంట్లోంచి గెంటేసినా మీకు నేనున్నాను. మీరున్నారని తెలియక ఇన్నేళ్ళూ ఒంటరిగా వాయించాను. ఒక్కొక్కడూ ఒక్కో సీసా ఎత్తండి, దింపకుండా తాగండి, బల్లలెక్కి ఆడండి. మీ ఫ్లోరీ."

అప్పుడు సిస్టర్ లియోకాడియా, తొంభై మూడేళ్ళావిడ, చెవుడు, చీటీలో మిగతాదేమీ వినపడలేదు గానీ ఆఖరి మాట వినపడింది. "ఫ్లోరీ పంపించాడా! మన ఫ్లోరీయేనా!" అని చప్పట్లు కొట్టింది. ఇంకేముంది, పదహారుమందీ నవ్వులు ఆపుకోలేక ఒకరి మీద ఒకరు పడ్డారు.

అవునురా. బారు కాదు, మేమే. కింద ఊళ్ళో చర్చి బడి మూసేసినప్పుడు పాత ట్యాబులు ఊరికే ఇస్తుంటే పదహారు తెచ్చాను, కళ్ళు కనపడనివాళ్ళకి పెద్ద అక్షరాల్లో ప్రార్థనలు చూపించడానికని. మదర్ గదిలోని మోడెమ్ వెనక ఉంటే చాలు, వాటిమీద మీ కంపెనీ ఛానెళ్ళన్నీ వస్తాయని తరవాత తెలిసింది. టీవీ వెయ్యకూడదన్నారు, ట్యాబు సంగతి ఎవరూ అనలేదు. పై అంతస్తులో శనివారం నాలుగింటికి తలుపులు మూసుకుని, దుప్పట్ల కింద పదహారుమందీ నిన్నే చూస్తున్నారు. అందరూ గని కార్మికుల కూతుళ్ళే, మఠంలో చేరకముందు ప్రతి పెళ్ళిలోనూ పోల్కాలు ఆడినవాళ్ళే. లియోకాడియా ఎడమకాలు వారమంతా చచ్చుబడి ఉంటుంది, నీ వాల్ట్జ్‌కి మాత్రం కదులుతుంది. నేను ఎవరో ఒకరి మంచం అంచున కూర్చుని చూస్తాను.

మదర్ నన్ను లేచి నిలబడమన్నారు.

"ఎన్ని ట్యాబులు, సిస్టర్?"

"పదహారు, మదర్."

ఆవిడ సీసాలు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టారు. "ఇక్కడ పదిహేడున్నాయి."

"లెక్క తప్పి ఒకటి ఎక్కువ పంపినట్టున్నాడు, మదర్. మా తమ్ముడికి లెక్కలు రావు."

మదర్ ఒక సీసా తీసి చంకలో పెట్టుకున్నారు. "లెక్క తప్పలేదు," అన్నారు. "తన గదిలో తలుపేసుకుని చూసేవాళ్ళని కూడా కలుపుకుని సరిగ్గానే పంపాడు." ఇక వెనక్కి తిరగకుండా గదిలోకి వెళ్ళిపోయారు. బిల్లులు కట్టే ఆ కంప్యూటర్ శనివారం సాయంత్రం ఏం చేస్తోందో మాకెవరికీ ఇన్నాళ్ళూ తట్టలేదు.

నీకెందుకు చెప్పలేదో ఇప్పుడు చెబుతాను. నువ్వు ఒక్కరు విన్నా చాలని ఏడ్చినప్పుడు చెప్పేద్దామని కలం పట్టుకున్నాను కూడా. మదర్‌కి తెలిసిపోతుందని భయం కొంత ఉంది, అబద్ధం ఆడను. అంతకంటే పెద్ద భయం నీ గురించే. ముసలి సిస్టర్లు చూస్తున్నారని తెలిస్తే నువ్వు పోల్కాలు మానేసి చర్చి పాటలు అందుకుంటావు. జోకులకి స్నానం చేయించి చెబుతావు. వీళ్ళకి చర్చి పాటలు రోజుకి ఏడుసార్లు ఉన్నాయిరా. వీళ్ళకి కావలసింది వేస్టుకోటు గుండీ ఊడిపోయిన తాగుబోతు ఫ్లోరీ.

ఉంగరాలవాళ్ళ సంగతి చెబితే అందరూ కంగారుపడ్డారు. నువ్వే ఇక్కడికొచ్చి ఎదురుగా వాయించమని రాయనా అంటే, వద్దే వద్దన్నారు. "ఎదురుగా కూర్చుంటే ఆయన మమ్మల్ని చూసి జంకుతాడు, మేం ఆయన్ని చూసి నవ్వలేం," అంది లియోకాడియా. చివరికి మదరే దారి చెప్పారు. నువ్వు ఆవిడ గదిలో తలుపేసుకుని, ఒక ట్యాబు ముందు పెట్టుకుని వాయించాలి. మేం ఎవరి గదుల్లో వాళ్ళం ఎప్పటిలాగే చూస్తాం. ఆ గంట మదర్ కూడా నాతోబాటు ఎవరో ఒకరి మంచం అంచున కూర్చుంటారట. జనవరి మొదటి శనివారం, నాలుగింటికి. ఏమీ మార్చకు.

అక్క

బోయ్‌లోలో విస్కీ నాన్న పోసినంత కాదు, అంతకి రెండింతలుంది. ఇవాళ సాయంత్రం జపమాల ఎవరూ సరిగ్గా పూర్తిచెయ్యలేదు.


బ్రేకర్‌విల్
జనవరి, ఆదివారం

అక్కా,

నిన్న నువ్వు గుమ్మందాకా వచ్చి రొట్టె కట్టిచ్చినా నీతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. నోరు తెరిస్తే ఏడుస్తానేమోనని, మంచు కురిసేలా ఉందని చెప్పి కారెక్కేశాను. మంచేం కురవలేదు.

ఇక్కడ ఉంగరాల కార్యక్రమం మొదలైంది. స్టెల్లా దాన్ని పెట్టి బజారుకి వెళితే కుక్క సోఫా చింపేసిందట. "ఆ అమ్మాయి గొంతు వింటే దొంగ లోపలికొచ్చి బేరమాడతాడు, నీ రికార్డింగేదైనా ఉంటే ఇవ్వు," అని బతిమాలుతోంది. ఆలోచిస్తానన్నాను.

నిన్నటి సంగతి చెబుతాను. మీ మదర్ గదిలో కూర్చున్నానా, ఎదురుగా సిలువ, పక్కన బీరువా మీద ఆ మోడెమ్ మినుకుమంటోంది, ముందు ట్యాబు. పాడేవాడు, వినేవాళ్ళు అందరం ఒకే మోడెమ్ వెనక, ఒకే కప్పు కింద. గోడకవతల మీరున్నారని తెలిశాక మొదటి పాటలో రెండుచోట్ల తప్పులు వాయించాను. జోకు దగ్గరికొచ్చేసరికి దాన్ని వదిలేద్దామనిపించింది. నువ్వన్నట్టే చర్చి పాట అందుకోబోయాను కూడా. అప్పుడు ఏమీ మార్చకు అన్న నీ మాట గుర్తొచ్చి, కళ్ళు మూసుకుని చెప్పేశాను.

బారులో తాగి తెల్లారగట్ల ఇంటికొచ్చినవాణ్ణి పెళ్ళాం తలుపు తియ్యకుండా అడుగుతుంది. "ఇంతసేపూ ఎక్కడ చచ్చావు?" "గనిలో ఇరుక్కుపోయానే." "గని మూసి ముప్పై ఏళ్ళయింది కదరా!" "అందుకేగా మరి, పైకి లాగేవాడు ఒక్కడూ లేడు."

జోకు చెప్పాక నేనెప్పుడూ కాసేపు ఆగుతాను, జనం నవ్వుకోడానికి. కంపెనీ వెనకగదిలో ఉండేది నేనూ కెమెరా మాత్రమే, నవ్వు వినపడదు. అందుకని మనసులో మూడు లెక్కపెట్టుకుని తరవాతి పాట అందుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా అంతే. నిన్న కూడా ఒకటి, రెండు, మూడు అనుకుని అకార్డియన్ తెరిచాను.

అప్పుడు గోడకవతల నుంచి వచ్చింది. ముందు ఒక్కరు, తరవాత అందరూ. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో మంచం కొడుతున్నారు, చెవుడావిడ కాబోలు "ఏమన్నాడు, ఏమన్నాడు" అని అరుస్తోంది, మళ్ళీ ఎవరో ఆవిడకి గట్టిగా చెప్పారు, మళ్ళీ మొదలైంది. మీ మదర్ నవ్వు అందరికంటే పెద్దది. నీది కూడా పోల్చుకున్నాను, చిన్నప్పటిలాగే చివర్లో ఊపిరాడనట్టు వస్తుంది. మూడు లెక్కపెడితే చాలలేదు అక్కా. పదిహేను దాటాక లెక్క మానేశాను. అకార్డియన్ తెరిచినది తెరిచినట్టే పట్టుకుని, మీ నవ్వు అయ్యేదాకా కూర్చున్నాను.

ఫ్లోరీ